మకోండోకు ముఖం ఏర్పడిన వేళ

వారపత్రికలలో ధారావాహిక నవలలు చదివే అలవాటు గలవారికి నిరీక్షణ అంటే ఏమిటో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. కథ ఒక మలుపులో ఆగిపోతుంది. అడుగున ‘సశేషం’ అన్న చిన్నమాట కనబడుతుంది. అక్కడి నుండి ఏడు దినాల పాటు పాఠకుడే కథకుడు. నాయిక తలుపు తీసినదో లేదో, ఉత్తరం ఎవరి చేతికి చిక్కినదో తన మనస్సులో తానే అల్లుకొంటాడు. వీధి అరుగు మీద నలుగురూ చేరి వాదించుకొంటారు. తరువాతి సంచిక వచ్చేసరికి రచయిత వ్రాసిన కథతోపాటు పాఠకుడు ఊహించిన కథ కూడా ఒకటి సిద్ధమై ఉంటుంది. ఈ రెండింటినీ పోల్చి చూచుకొనుటలోనే సగం ఆనందం ఉన్నది.

ఇంటర్నెట్టు ద్వారా కోరిన వేళ కోరిన కథను ఇంటింటికి చేర్చే స్ట్రీమింగ్ సంస్థలు మొదట ఈ నిరీక్షణను తొలగించబూనినవి. 2013 ఫిబ్రవరి 1వ తేదీన నెట్‌ఫ్లిక్స్ సంస్థ ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ అనే ధారావాహికలోని మొదటి 13 భాగాలనూ ఒక్కనాడే విడుదల చేసినది. ఓపిక గలవారు తెల్లవారేలోగా అంతా చూచివేయవచ్చును. కాని పెద్ద కథలను తెరకెక్కించుటకు ఏండ్లు పడుతుంది. కనుక నిరీక్షణ పూర్తిగా పోలేదు. వారం నుండి వారానికి ఉండినది ఏడాది నుండి ఏడాదికి సాగినది, అంతే. ఎదురుచూడదగిన ధారావాహికలు ఇవి అని పత్రికలు జాబితాలు ప్రకటిస్తూనే ఉంటవి. వానిలో సాహిత్యాభిమానులు విశేషించి గమనింపదగినది ఒకటి ఉన్నది. కొలంబియా రచయిత గాబ్రియల్ గార్షియా మార్క్వెజ్ స్పానిష్ భాషలో వ్రాసిన ‘నూరేళ్ళ ఏకాంతం’ అనే నవలకు దృశ్యరూపం అది. రెండు దఫాలుగా, 16 భాగాలుగా దానిని తలపెట్టినారు. మొదటి 8 భాగాలు 2024 డిసెంబరు 11న వెలువడినవి. రెండవ దఫాకు నిర్మాతలు 2026వ సంవత్సరాన్ని నిర్ణయించినారు.

మార్క్వెజ్ 1927 మార్చి 6న కొలంబియాలోని ఆరకటాకా అనే చిన్న ఊరిలో జన్మించినాడు. బాల్యం మాతామహుల ఇంట గడచినది. తాత నికొలాస్ మార్క్వెజ్ 1899 నుండి 1902 వరకు ఆ దేశాన్ని దహించిన ‘వేయి దినాల యుద్ధం’లో పోరాడిన కర్నలు. అమ్మమ్మ ట్రాంకిలీనా దయ్యాల కథలను, శకునాలను, చనిపోయినవారి రాకపోకలను పొరుగింటి సంగతులు చెప్పినంత నింపాదిగా చెప్పేది. తాత చెప్పిన చరిత్ర, అమ్మమ్మ చెప్పిన అద్భుతం, ఈ రెండూ కలిసి ‘నూరేళ్ళ ఏకాంతం’ అయినవి. మకోండో అనే కల్పిత గ్రామం పుట్టుక మొదలు నాశనం వరకు, బుయెందియా వంశంలోని ఏడు తరాల కథ అందులో ఉన్నది.

మెక్సికో నగరంలో దాదాపు 18 నెలలు, ఇల్లు గడచుటకు అప్పులు చేస్తూ, ఆయన దానిని వ్రాసినాడు. వ్రాతప్రతిని బ్యూనస్ ఎయిరిస్‌లోని ప్రచురణకర్తకు టపాలో పంపుటకు డబ్బు చాలక మొదట సగమే పంపవలసి వచ్చినదనీ, మిగిలిన సగం పంపుటకు భార్య మెర్సెడెస్ ఇంటి వస్తువులు కుదువపెట్టినదనీ ఆయనే తరువాత చెప్పుకొన్నాడు. 1967లో నవల అచ్చయినది. 1970లో గ్రెగొరీ రబాసా చేసిన ఇంగ్లీషు అనువాదం వెలువడి, దానిని దేశదేశాల పాఠకులకు చేరువ చేసినది. 1982లో మార్క్వెజ్‌కు నోబెల్ బహుమతి లభించినది.

ఇంత ప్రసిద్ధి పొందిన కథను తెరకెక్కింపవలెనని నిర్మాతలు ఆశించుట సహజమే. మార్క్వెజ్ జీవించినంతకాలం అందుకు ఒప్పుకొనలేదు. ఆయన సినిమాను చిన్నచూపు చూచినవాడు కాడు. 1955లో రోము నగరం వెళ్ళి అక్కడి చలనచిత్ర శిక్షణాలయంలో చదివినాడు. మెక్సికోలో చిత్రకథలు వ్రాసినాడు. 1986లో క్యూబాలోని సాన్ ఆంటోనియో దె లోస్ బాన్యోస్‌లో వెలసిన చలనచిత్ర విద్యాలయ స్థాపకులలో ఒకడైనాడు. ‘కలరా కాలంలో ప్రేమ’ అనే తన మరొక నవలను చిత్రంగా తీయుటకు అనుమతించినాడు కూడా. 2007లో అది ఇంగ్లీషు సంభాషణలతో వెలువడినది గాని విమర్శకుల మెప్పును అంతగా పొందలేదు. ‘నూరేళ్ళ ఏకాంతం’ విషయంలో మాత్రం ఆయన తుదివరకు కాదనే అన్నాడు.

ఆ నిరాకరణ వెనుక మూడు కారణాలు ఉన్నవి. మొదటిది కాలం. ఏడు తరాల కథ రెండు మూడు గంటల చిత్రంలో ఇముడదు. రెండవది భాష. స్పానిష్ పలుకుబడిలో పుట్టిన ఆ మనుష్యులు మరొక భాషలో మాట్లాడితే వారి జీవం పోతుంది. మూడవది అన్నిటికంటె లోతైనది. నవల చదివేవాడు పాత్రలకు తన తాతల పోలికలో, మేనత్తల పోలికలో, తన ఊరివారి పోలికలో ఇచ్చుకొంటాడు. నటుడు తెరమీదికి వచ్చిన క్షణం నుండి ఆ స్వేచ్ఛ ఉండదు. పాత్రకు ఒక్కటే ముఖం మిగులుతుంది. పాఠకుని ఆ స్వేచ్ఛను హరించుట మార్క్వెజ్‌కు ఇష్టం లేదు.

ఇది తెలుగు పాఠకులకు అనుభవంలో లేని సంగతి కాదు. శరత్‌బాబు ‘దేవదాసు’ను బెంగాలీలో నవలగా వ్రాసినాడు. 1953లో అది తెలుగు చిత్రంగా వచ్చిన తరువాత దేవదాసు అనగానే అక్కినేని నాగేశ్వరరావు, పార్వతి అనగానే సావిత్రి తెలుగువారి కన్నులలో మెదలుతారు. చిత్రం చూచిన తరువాత నవల చదివినవారు ఆ ముఖాలను తొలగించుకొని చదువుట కష్టం. చిత్రం బాగుండుటయే అందుకు కారణం. చెడ్డ చిత్రం త్వరలోనే మరపున పడుతుంది గాని మంచి చిత్రం పాఠకుని ఊహలో చిరకాలం నిలిచిపోతుంది.

మార్క్వెజ్ 2014 ఏప్రిల్ 17న మరణించినాడు. 2019 మార్చిలో నెట్‌ఫ్లిక్స్ ఆయన కుటుంబం నుండి నవలను తెరకెక్కించే హక్కులు పొందినది. కుమారులు రోడ్రిగో, గొంజాలో నిర్మాణ పర్యవేక్షకులుగా నిలిచినారు. రోడ్రిగో స్వయంగా చిత్రదర్శకుడు. ధారావాహిక గనుక కాలానికి కొరత లేదనీ, స్పానిష్ భాషలోనే తీస్తున్నారు గనుక తండ్రి అభ్యంతరాలు తీరినవనీ వారి వాదం. 2024 మార్చిలో ఆ అన్నదమ్ములు మరొక పని కూడా చేసినారు. తండ్రి తన చివరి దినాలలో వ్రాసి, పనికిరాదని, నాశనం చేయవలెనని చెప్పిన ‘ఆగస్టులో కలుద్దాం’ అనే చిన్న నవలను ప్రచురించినారు. అది తండ్రి మాటకు ద్రోహమేనని ముందుమాటలో ఒప్పుకొంటూనే, పాఠకుల సంతోషానికే పెద్దపీట వేసినామన్నారు. రచయిత వద్దన్న మాట ఆయన తదనంతరం ఎంతవరకు చెల్లుతుంది అన్న ప్రశ్న ఆ విధంగా ఒకే ఏట రెండుమార్లు పాఠకలోకం ముందు నిలిచినది. కాలం, భాష అనే రెండు అభ్యంతరాలు తీరినవనుటలో సందేహం లేదు. ముఖాన్ని గురించినది మాత్రం మిగిలియే ఉన్నది.

మొదటి దఫా భాగాలకు అలెక్స్ గార్షియా లోపెజ్, లౌరా మోరా దర్శకులు. కొలంబియాలోని తొలీమా ప్రాంతంలో, ఆల్వరాడో అనే ఊరి సమీపాన, ఇళ్ళతో వీధులతో మకోండో గ్రామాన్నే నిర్మించినారు. నటవర్గం దాదాపు అంతా కొలంబియావారే. ప్రపంచప్రఖ్యాతి గల తారలను తీసుకొనలేదు. ఇందులో ఒక వివేకం ఉన్నది. పరిచితుడైన తార తన పాత పాత్రలన్నిటినీ వెంటబెట్టుకొని వస్తాడు. అపరిచితుని ముఖం పొరుగూరి మనిషి ముఖంవలె ఉంటుంది. మార్క్వెజ్ అభ్యంతరం దీనితో పూర్తిగా తీరదు గాని కొంత మెత్తబడుతుంది. నవలలో సంభాషణలు తక్కువ. కథకుని గొంతే అంతటా వినబడుతుంది. అందుచేత తెరమీద కూడా ఒక కథకుని కంఠాన్ని ఉంచినారు. గ్రామం పుట్టుక నుండి కర్నల్ అవురెలియానో బుయెందియా నడిపిన అంతర్యుద్ధాల దాకా కథ ఈ దఫాలో నడచినది.

అసలు పరీక్ష రెండవ దఫాలో ఉన్నది. నవల ఉత్తరార్ధంలో మకోండోకు రైలు వస్తుంది. దాని వెంట విదేశీయుల అరటితోటల కంపెనీ వస్తుంది. అందులోనే రెమెడియోస్ అనే సుందరి పెరటిలో దుప్పట్లు మడతపెడుతూ గాలిలోకి లేచి ఆకాశంలో కలసిపోతుంది. ఇట్టి ఘట్టాన్ని పుస్తకంలో నమ్మించినది అమ్మమ్మ నేర్పిన ఆ నింపాదియే. అద్భుతం జరిగిన ఇంటిలోనే, ఆ సుందరితో పోయిన దుప్పట్లు తిరిగి రావలెనని కోరుకొనే మనిషి కూడా ఉంటుంది. తెర తాను చూపే అద్భుతానికి తానే అబ్బురపడి, వాద్యాల హోరు పెంచి, చూడుడని కేకవేస్తే ఆ నింపాది చెడుతుంది.

అంతకంటె కఠినమైన ఘట్టం మరొకటి ఉన్నది. దానికి మూలం చరిత్రలోనిది. 1928 నవంబరులో కొలంబియా కరీబియన్ తీరాన యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ అరటితోటల కార్మికులు సమ్మె కట్టినారు. కూలి కంపెనీ దుకాణపు చీట్లుగా గాక నగదుగా ఇవ్వవలెననుట వారి కోరికలలో ఒకటి. డిసెంబరు 5, 6 తేదీల నడుమ రాత్రివేళ సియెనగా పట్టణంలో రైలు స్టేషను వద్ద చేరిన జనం మీద సైన్యం కాల్పులు జరిపినది. ఎందరు మరణించినారు? సేనాధిపతి కొర్తేస్ వర్గాస్ 47 మందని ఒప్పుకొన్నాడు. వేయిమందికి మించినారని కంపెనీ ప్రతినిధి తెలిపినట్లు 1929 జనవరిలో బొగొటాలోని అమెరికా రాయబార కార్యాలయం తమ ప్రభుత్వానికి వ్రాసినది. అదే ఏట హోర్హె ఎలియెసెర్ గైతాన్ అనే యువనాయకుడు ఈ దారుణాన్ని ప్రతినిధి సభలో లేవనెత్తినాడు. సరియైన లెక్క ఈనాటికీ తేలలేదు.

నవలలో మృతుల సంఖ్య 3000. కథ పరిమాణానికి తగినట్లు తాను వేసుకొన్న లెక్క అది అని మార్క్వెజ్ తరువాత ఒప్పుకొన్నాడు. అయితే నవల ప్రధానంగా చెప్పదలచినది సంఖ్యను గురించి కాదు. కాల్పుల నుండి బ్రతికిన హోసే ఆర్కాడియో సెగుండో, శవాలతో నిండి సముద్రం వైపు పోతున్న రైలుబండిలో మేలుకొంటాడు. క్రిందికి దూకి, వానలో నడచి, ఊరు చేరి జరిగినది చెబుతాడు. ఎవరూ నమ్మరు. ఇక్కడ చనిపోయినవారే లేరంటారు. కార్మికులు తృప్తిగా ఇళ్ళకు మరలినారని ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఆ తరువాత 4 సంవత్సరాల 11 నెలల 2 దినాల పాటు ఎడతెరిపి లేని వాన. అది వెలిసేసరికి అరటితోటలూ ఉండవు, కంపెనీయూ ఉండదు.

చదివేవానికి అక్కడ కలిగే వేదన ఎటువంటిది? చూచినవాడు ఒక్కడు, నమ్మనివారు ఊరందరు. పాఠకునికి ఆధారం ఆ పుటలోని మాటలే. ఆ ఒక్కని పక్షాన నిలువవలెనా, ఊరి పక్షాన నిలువవలెనా అని అతడే తేల్చుకొంటాడు. తెరమీద సంగతి వేరు. కెమెరా చూపిన కాల్పులకు లక్షలాది ప్రేక్షకులు సాక్షులవుతారు. కండ్లారా చూచినదానిని శంకించేవారు ఉండరు. అప్పుడు ఆ ఒక్కని ఒంటరితనం ప్రేక్షకునికి ఎట్లు అందుతుంది? అయితే దీనికి మరొక వైపు కూడా ఉన్నది. అధికారులు చిన్నదిగా చేసి చూపిన ఒక రాత్రిని లోకానికి గుర్తుచేసినది ఈ నవల. పుస్తకం చేరని ఇళ్ళకు కూడా ఆ స్మృతిని చేర్చగల శక్తి దృశ్యానికి ఉన్నది. ఈ లాభానికీ ఆ నష్టానికీ నడుమ దర్శకులు త్రొక్కే త్రోవ ఏది అన్నదే రెండవ దఫాలో అన్నిటికంటె శ్రద్ధగా చూడవలసినది.

నవల ముగింపును ఇక్కడ వెల్లడించుట న్యాయం కాదు. ఒక మనిషి పాత వ్రాతప్రతిని చదువుతుండగా కథ ముగుస్తుందని మాత్రం చెప్పవచ్చును. చదువుటయే పరాకాష్ఠగా గల కథను చూచుటకు పూర్వం ఒకసారి చదివి ఉండుట ప్రేక్షకునికి ఎంతో మేలు.

ఈ నవలలోనూ ధారావాహికలోనూ పెద్దవారికి మాత్రమే తగిన ఘట్టాలు చాల ఉన్నవి. కనుక పాఠశాల పిల్లల ముందు పెట్టదగినవి కావు; వయస్సు వచ్చిన విద్యార్థులకు ఇచ్చేటప్పుడు కూడా ఉపాధ్యాయుడు ముందు తాను చదివి చూచుకొనవలె. కాని ఇందుండి గ్రహింపదగిన పద్ధతి ఏ తరగతికైనా పనికివస్తుంది. చిత్రంగా వచ్చిన ఏ కథనైనా పాఠం చెప్పేటప్పుడు, చిత్రం చూపుటకు ముందే, అందులోని ఒక పాత్ర రూపురేఖలను పది పంక్తులలో వ్రాయుమని విద్యార్థులను అడుగవచ్చును. మనిషి ఎత్తు ఎంత, నడక ఎట్టిది, గొంతు ఎట్టిది, చేతులు ఏ పనికి అలవాటుపడినవి, ఎవరిని చూస్తే ఆ మనిషి గుర్తుకు వస్తుంది అన్నవి చాలును. నలభైమంది వ్రాస్తే నలభై రూపాలు వస్తవి. చిత్రం చూచిన తరువాత ఆ కాగితాలను మరల చదివిస్తే, దృశ్యం ఏమి ఇచ్చినదో, ఏమి తీసుకొన్నదో ఉపన్యాసం అవసరం లేకుండానే వారికి తెలుస్తుంది.

‘నూరేళ్ళ ఏకాంతం’ చదివే కళాశాల విద్యార్థులు ఈ పనికి ఉర్సులాను ఎన్నుకొనవచ్చును. నూరేండ్లు దాటి బ్రతికి, చూపు పోయినను ఇంటివారికి తెలియనీయక, వాసనల ఆధారంతో, అలికిడుల ఆధారంతో ఇల్లు నడిపిన ముసలమ్మ ఆమె. అటువంటి అమ్మమ్మయో నాయనమ్మయో తెలుగునాట ఎన్ని ఇళ్ళలో లేరు! రెండవ దఫా భాగాలు చూచుటకు ముందే ఆమెను గురించి ఆ పది పంక్తులు వ్రాసి, ఆ కాగితాన్ని పుస్తకంలో దాచుకొనవలె. తెరమీది ఉర్సులా ఎంత బాగున్నను, తమ ఇంటి ముసలమ్మ పోలికలు గల ఉర్సులా ఆ పుటల నడుమ చెక్కుచెదరక ఉంటుంది.