కెమెరా ఉంది సరే, రికార్డింగ్ ఉందా?

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా వైపు, అంటే పర్చూరు, చిలకలూరిపేట మధ్య ఊళ్ళల్లో, పంట పొలంలోనూ ఉండదు, ఇంట్లోనూ ఉండదు. కల్లంలో ఉంటుంది. కోసిన మిర్చిని ఎండలో ఆరబోసి, తాలు కాయ ఏరి, టిక్కీలకెత్తి, గుంటూరు యార్డుకో కోల్డ్ స్టోరేజీకో పంపేదాకా ఏడాది కష్టం మొత్తం ఆరుబయటే పడి ఉంటుంది. వానొస్తుందేమో అని ఒక భయం, ఎవడైనా ఎత్తుకెళ్తాడేమో అని ఇంకో భయం. మొదటి దానికి పట్టలున్నాయి. రెండో దానికి ఇదివరకు నులక మంచం, టార్చిలైటు, కుక్క ఉండేవి. ఇప్పుడు వాటికి తోడు సీసీ కెమెరా వచ్చింది.

నేను సీఎస్ఈ అని ఊళ్ళో తెలిసినప్పట్నుంచి, సెలవులకి ఇంటికెళ్తే చాలు, ఎవరో ఒకరు "ఒరే అబ్బాయ్, నువ్వు కంప్యూటరే కదా, మా కెమెరా ఒకసారి చూడరా" అంటారు. ఆ చదువుకీ ఈ పనికీ సంబంధం లేదని మొదట్లో చెప్పేవాణ్ణి. తర్వాత చూస్తే చాలానే ఉంది. ఇప్పటికి ఆరేడు ఇళ్ళ సిస్టమ్స్ చూశాను. అందరూ అడిగేది ఒకటే: "ఎన్ని మెగాపిక్సెల్స్?" ఎవరూ అడగనిది: "ఎన్ని రోజులు ఉంటుంది?"

మా వీధిలో ఒకరింట్లో వెనక గదిలో పేర్చిన టిక్కీల్లో నాలుగు తక్కువున్నాయని తెలిసింది, కోల్డ్ స్టోరేజీకి లారీ వచ్చిన రోజున. పేర్చి అప్పటికి మూడు వారాలైంది. నాలుగు కెమెరాలు, అన్నీ పనిచేస్తున్నాయి, టీవీలో బొమ్మ అద్దంలా ఉంది. డీవీఆర్ లో మాత్రం పదకొండు రోజులే ఉన్నాయి. అంతకు ముందు రోజులన్నీ చెరిగిపోయాయి.

ఎందుకు పదకొండు? మనకి డేటా స్ట్రక్చర్స్ లో సర్క్యులర్ క్యూ చెప్పారు కదా, డీవీఆర్ అంటే అచ్చం అదే. హార్డ్ డిస్క్ నిండగానే అన్నిటికన్నా పాత వీడియో మీద కొత్తది రాసేస్తుంది. ఎవర్నీ అడగదు. లెక్క కూడా తేలికే. రెండు మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265 పద్ధతిలో సెకనుకి 2 మెగాబిట్లు రాస్తుందనుకుందాం. 8తో భాగిస్తే పావు మెగాబైటు. రోజుకి 86,400 సెకన్లు. అంటే ఒక కెమెరాకి రోజుకి 21.6 జీబీ, నాలుగింటికి 86.4 జీబీ. ఒక టీబీ డిస్క్ ని దీంతో భాగించండి, పదకొండున్నర రోజులు. అదే పాత హెచ్.264లో 4 మెగాబిట్లు పెడితే ఆరు రోజులు కూడా రాదు. డీవీఆర్ సెట్టింగ్స్ లో ఎన్‌కోడింగ్ అని ఉన్నచోట ఈ రెండూ మార్చుకోవచ్చు. చాలా ఇళ్ళల్లో బిగించినవాళ్ళు ఆ పేజీ తెరిచినట్టే ఉండదు.

మరి ఎన్ని రోజులుంటే చాలు? 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం ఎక్కువగా వచ్చిపోయే దుకాణాలు, హాళ్ళు లాంటి చోట్ల 30 రోజుల రికార్డింగ్ ఉంచాలంది. ఇళ్ళకి ఆ రూలు లేదు. ఐనా కొలతకి అది బావుంది. నాలుగు కెమెరాలకి 30 రోజులంటే 2,592 జీబీ, అంటే 3 టీబీకి తగ్గకుండా ఉండాలి. డిస్క్ కొనేటప్పుడు పాత కంప్యూటర్లోది పీకి పెట్టకండి. రాత్రీపగలూ ఆగకుండా రాయడానికి వేరే డిస్కులు తయారుచేస్తారు, డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి. మామూలు డిస్క్ కూడా పనిచేస్తుంది, పనిచేసినన్నాళ్ళు.

"కదలిక ఉన్నప్పుడే రికార్డు చేస్తే డిస్క్ కలిసొస్తుంది కదా" అని మా బాబాయి అన్నాడు. కల్లంలో అది కుదరదు. రాశి మీద కప్పిన పట్ట గాలికి లేచిన ప్రతిసారీ కదలికే. రాత్రి కెమెరా చుట్టూ ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైట్ల దగ్గర సాలీడు గూడు కడితే, ఆ దారాలు వెలుగుతూ ఊగుతూ తెల్లారేదాకా అలారమే. మనిషినో బండినో గుర్తుపట్టే కొత్త కెమెరాలు కొంత నయం. నా సలహా మాత్రం ఒకటే: రికార్డింగ్ నిరంతరం పెట్టుకోండి, ఫోన్ కి అలర్టు మాత్రం మనిషి కనిపిస్తేనే.

ఇన్‌ఫ్రారెడ్ అంటే గుర్తొచ్చింది. రాత్రిపూట ఆ కెమెరాలో మిర్చి రాశిని మొదటిసారి చూసినప్పుడు భలే ఆశ్చర్యమేసింది. తెల్లగా, బియ్యం పోసినట్టుంటుంది! కాయకి ఎరుపునిచ్చే పదార్థం మన కంటికి కనబడే వెలుగులో కొంత భాగాన్నే పీల్చుకుంటుంది, ఇన్‌ఫ్రారెడ్ ని వెనక్కి కొట్టేస్తుంది. కాబట్టి రాత్రి వీడియో చూసి "దొంగ తెల్ల చొక్కా వేసుకున్నాడు" అని గట్టిగా చెప్పకండి. పగలు అది ఏ రంగో తెలీదు.

దొంగ మొహం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొత్త మనిషిని మొహం చూసి పోల్చుకోవాలంటే చిత్రంలో ఒక మీటరు వెడల్పుకి 250 పిక్సెల్స్ ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. రెండు మెగాపిక్సెల్ చిత్రం వెడల్పు 1920 పిక్సెల్స్. అంటే మొత్తం 7.7 మీటర్ల వెడల్పు చూసేచోటే మొహం తెలుస్తుంది. మన ఇళ్ళకి ఎక్కువగా పెట్టే 2.8 మిల్లీమీటర్ల లెన్స్ సుమారు నూరు డిగ్రీలు చూస్తుంది. ఆ కోణంలో 7.7 మీటర్లంటే కెమెరాకి మూడు మీటర్ల దూరం, అంతే. డాబా పిట్టగోడ మీంచి కల్లం మొత్తం చూసే కెమెరా "ఎవరో వచ్చారు" అని చెప్తుంది, ఎవరో చెప్పదు. అందుకే ఒకటి ఎత్తు మీద, ఇంకొకటి లోపలికి రావడానికున్న ఒకే దారి దగ్గర, తల కన్నా కొంచెం పైన.

డీవీఆర్ కొనాలా ఎన్వీఆర్ కొనాలా అన్నదాని మీద యూట్యూబ్ లో గంటలకొద్దీ వీడియోలున్నాయి, నేను రెండు ముక్కలే చెప్తాను. డీవీఆర్ కి టీవీ కేబుల్ లాంటి వైరు మీద అనలాగ్ కెమెరాలు, ఖర్చు తక్కువ. ఎన్వీఆర్ కి నెట్‌వర్క్ వైరు మీద ఐపీ కెమెరాలు, అదే వైర్లో కరెంటు కూడా పంపొచ్చు. పాత లాప్‌టాప్ ఉంటే ఫ్రిగేట్, జోన్‌మైండర్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తో మనమే ఎన్వీఆర్ చేస్కోవచ్చు. కెమెరా ఓఎన్‌వీఐఎఫ్ పద్ధతికి ఒప్పుకునేదైతే చాలు. హాస్టల్ ప్రాజెక్టుకి బావుంటుంది. మా నాన్నకి మాత్రం రిమోట్ నొక్కితే టీవీలో వచ్చేదే కావాలి.

పెట్టె ఎక్కడ పెట్టాలన్నది దీనికన్నా ముఖ్యం. అందరూ హాల్లో టీవీ పక్కన, నీలం లైటు వెలుగుతూ కనబడేలా పెడతారు. దొంగలు పోతూపోతూ డీవీఆర్ కూడా పట్టుకుపోయారని పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు? అటక మీదో, తాళం వేసే అలమరలోనో, గాలాడేలా పెట్టండి. దాన్నీ రూటర్నీ కూడా ఇన్వర్టర్ లైనుకి కలపండి. నాలుగు కెమెరాలూ పెట్టే కలిసి ఒక సీలింగ్ ఫ్యాన్ తాగేంత కరెంటు కూడా తాగవు. దొంగకి కరెంటు పోయిన రాత్రే మంచి రాత్రి.

గడియారం చూసుకోండి. కొన్ని పెట్టెల్లో టైమ్ జోన్ జీఎంటీ ప్లస్ 8 మీద ఉండిపోతుంది, అంటే చైనా టైము. మనది ప్లస్ 5:30. రాత్రి పదకొండున్నరకి జరిగింది వీడియోలో మర్నాడు రెండు గంటలకని పడుతుంది. ఆ టైము పట్టుకుని పోలీసులు ఇంకెవరి కదలికలో వెతుక్కుంటారు.

పాస్‌వర్డ్ గురించి చెప్తే ఊళ్ళో నవ్వుతారు. "మా కల్లం చూసి ఎవడేం చేసుకుంటాడ్రా?" చూడ్డానికి కాదు, వాడుకోవడానికి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనీ డీవీఆర్లనీ ఓ అరవై పాస్‌వర్డ్ ల జాబితాతో తెరిచి, లక్షలకొద్దీ పోగేసింది. ఆ ఏడాది అక్టోబర్ 21న అలాంటి పెట్టెలన్నీ ఒకేసారి డిన్ అనే కంపెనీ సర్వర్ల మీద పడితే, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ కొన్ని గంటలు చాలామందికి తెరుచుకోలేదు. మిరాయ్ ని రాసింది ఇరవై దాటీ దాటని కుర్రాళ్ళు. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త సీసీ కెమెరాలు భద్రత పరీక్ష పాసైతేనే అమ్మాలని కేంద్రం రూలు పెట్టింది. ఇప్పటికే గోడకున్న పాతవాటి పాస్‌వర్డ్ మార్చాల్సింది మనమే. నేను చూసిన ఇళ్ళల్లో సగానికి పైగా ఒకటే పాస్‌వర్డ్, ఎందుకంటే బిగించింది ఒకడే. అతను తలుచుకుంటే సగం ఊరి గుమ్మాలు చూడొచ్చు.

నిజంగా దొంగతనం జరిగితే మొదటి పని, క్యూ తిరిగి దాని మీదికి రాకముందే ఆ గంటల వీడియోని పెన్ డ్రైవ్ కి ఎక్కించడం. టీవీని ఫోన్ తో షూట్ చేసి వాట్సాప్ లో పంపితే కాదు, వాట్సాప్ దాన్ని మళ్ళీ కుదించేస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ లో 63వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి కాపీని సాక్ష్యంగా పెట్టాలంటే సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైల్ హ్యాష్ విలువ రాయాలి. మనం ల్యాబ్ లో చేసే షా256నే! ఫైల్లో ఒక్క బిట్ మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. కాపీ చేసిన వెంటనే లాప్‌టాప్ లో ఒక్క కమాండ్ కొట్టి ఆ విలువ రాసి పెట్టుకోండి.

ఇంతవరకూ దొంగ గురించే. కానీ 30 రోజుల రికార్డింగ్ లో దొంగ ఉండేది ఐదు నిమిషాలు. మిగతా అంతా మనవాళ్ళే.

మా పెద్దనాన్న అమెరికా నుంచి నాయనమ్మ ఇంటి హాల్లో స్పీకర్ ఉన్న కెమెరా పెట్టించాడు. ఆమె ఒక్కతే ఉంటుంది, పడిపోతే తెలియాలని. ఆలోచన మంచిదే. ఒకరోజు మధ్యాహ్నం గోడలోంచి "అమ్మా, మందులేసుకున్నావా" అని వినబడేసరికి హడలిపోయింది. మర్నాటి నుంచి కెమెరా మీద తుండుగుడ్డ. "నా ఇంట్లో నేను నడుం వాల్చాలన్నా వాడికి తెలియాలంటరా?" అంది. 2025లో కలకత్తా హైకోర్టు, కలిసి ఉండే ఇంట్లో ఇంకొకరి ఒప్పుదల లేకుండా నివాస భాగంలో కెమెరాలు పెట్టడం వాళ్ళ ప్రైవసీని దెబ్బతీయడమేనంది, సుప్రీంకోర్టు దాన్ని మార్చలేదు. అది అన్నదమ్ముల తగువు. మా నాయనమ్మది తగువు కాదు, తుండుగుడ్డ. ఇప్పుడు కెమెరా వరండాలో ఉంది, పెద్దనాన్న ఫోనే చేస్తున్నాడు.

కల్లం సంగతి అంత తేలిగ్గా తేలలేదు. మాది ఇంటి పక్క ఖాళీ స్థలంలోనే ఉంటుంది. పగలు పదిమంది ఆడకూలీలు అక్కడే కూర్చుని తాలు ఏరతారు, అక్కడే అన్నం తింటారు, చంటిపిల్ల ఉన్నామె అక్కడే పాలిస్తుంది. ఒకామె నన్ను అడిగింది: "బాబూ, అది మమ్మల్ని కూడా తీస్తందా?" తీస్తుందని చెప్పాను. ఆమె ఏం మాట్లాడలేదు, కొంగు సర్దుకుని అటు తిరిగి కూర్చుంది. అదే వారం నాన్న పొలంలో నుంచి ఫోన్ చేసి, "ఆ మూల ఇద్దరు అరగంట నుంచి కబుర్లు చెప్తన్నారు, వెళ్ళి చెప్పు" అన్నాడు. దొంగ కోసం కొన్న కెమెరా అలా మేస్త్రీ ఐపోయింది. ఇంటి అవసరాలకి ఎవరైనా తీసుకునే వీడియోకి 2023 డేటా రక్షణ చట్టం వర్తించదు, కాబట్టి మమ్మల్ని అడిగేవాళ్ళు లేరు. నాన్న వాదన నాన్నదే: డబ్బు ఆయనది, పంట ఆయనది, "దాచుకోవాల్సింది ఏముంటదిరా?" అమ్మ మధ్యలో అందుకుంది: "మీరు చెక్కపెట్టె మీద కూర్చుని బీడీ కాల్చేది కూడా అందులో పడతది, మీ అన్నయ్యకి పంపమంటారా?"

డీవీఆర్ లో ప్రతి కెమెరాకీ వేరే షెడ్యూల్ పెట్టుకోవచ్చు, వారానికి ఏడు గీతల పట్టీ ఒకటుంటుంది. కల్లం కెమెరాకి సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా మాత్రమే రికార్డింగ్ పెట్టాను. పగలు ఫోన్లో కూడా కనబడకుండా నాన్న అకౌంట్ లో ఆ కెమెరా తీసేశాను, ఆయన ఎదురుగానే. సెట్టింగ్ కి రెండు నిమిషాలు, ఆయన్ని ఒప్పించడానికి నాలుగు రోజులు. వీధి వైపు కెమెరాలో ఎదురింటి గుమ్మం పడే చోట ప్రైవసీ మాస్క్ అనే నల్ల గడి గీశాను, వాళ్ళని పిలిచి చూపించాను కూడా. కల్లం కెమెరా పూట తగ్గేసరికి రోజుకి 86.4 బదులు 75.6 జీబీ రాస్తోంది. మా ఇంట్లోదీ ఒక టీబీ డిస్కే, పదకొండు రోజులు వచ్చేది ఇప్పుడు పదమూడు వస్తోంది. ఈ సీజన్ టిక్కీలు అమ్మాక నాలుగు టీబీది కొందామన్నాడు నాన్న.