రూపాయి బిళ్ళలో రూపాయి ఉన్నదా?

మెట్టుగూడ నుండి తార్నాక వరకు ఏ టీ కొట్టులోనైనను చిల్లరగా చేతికి వచ్చు రూపాయి బిళ్ళకు రెండు విలువలు కలవు. పైన ముద్రించినది ఒకటి. కరగించినచో దొరకు లోహపు విలువ మరియొకటి. ఒకప్పుడు ఈ రెండును దగ్గరదగ్గరగా ఉండెడివి.

ఇందుకు హైదరాబాదు చరిత్రయే చక్కని నిదర్శనము. నిజాము రాజ్యమున చార్మినారు బొమ్మతో చెల్లిన వెండి రూపాయిని హాలీ సిక్కా అనియు, బ్రిటిషువారి రూపాయిని కల్దారు అనియు పిలిచెడివారు. హాలీ బరువు సుమారు 11.18 గ్రాములు, అందు వెండి నూటికి 81.8 పాళ్ళు, అనగా 9.14 గ్రాములు. కల్దారు 11.66 గ్రాములు, వెండి 91.7 పాళ్ళు, అనగా 10.69 గ్రాములు. ఏడు హాలీలకు ఆరు కల్దారులు మారకము. విద్యార్థులు గుణించి చూడవచ్చును: ఏడు హాలీలలో సుమారు 64 గ్రాముల వెండి, ఆరు కల్దారులలోను అంతే! మారకము వెనుక నున్నది వెండి తూకమే.

1940లో కల్దారులోని వెండిని సగమునకు తగ్గించిరి. 1947లో రూపాయి పూర్తిగా నికెలుది అయ్యెను. అయినను అది రూపాయిగానే చెల్లినది. పాత వెండి రూపాయలను ముంతలో దాచిన అవ్వలు మాత్రము తెలివైనవారే.

2011 నాటి రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలుది: ఇనుము 83 పాళ్ళు, క్రోమియము 17 పాళ్ళు, బరువు 3.79 గ్రాములు. ఈ లోహము కిలో 150 రూపాయలనుకొన్నచో బిళ్ళలోని లోహము 57 పైసలు. ముద్రణ ఖర్చు వేరు. సమాచార హక్కు చట్టము క్రింద 2018లో వెలువడిన లెక్కలలో రూపాయి నాణెమునకు రూ. 1.11, పది రూపాయల నాణెమునకు రూ. 5.54 ఖర్చు చూపబడినది. రూపాయికి పదకొండు పైసలు నష్టమని తొందరపడరాదు. ఒకసారి ముద్రించిన బిళ్ళ ఏండ్ల తరబడి వేల చేతులు మారును.

అసలు చిక్కు లోహపు విలువ ముఖవిలువను మించినప్పుడే. పాత లావు అయిదు రూపాయల బిళ్ళ 9 గ్రాములు; మూడు వంతులు రాగి, ఒక వంతు నికెలు. రాగి కిలో 800, నికెలు కిలో 1500 అనుకొన్నచో లోహమే రూ. 8.77 అగును. ఇక కరగించువాడు ఊరకుండునా? 2011 నాటి నాణెముల చట్టము నాణెమును కరగించుటను నేరముగా నిషేధించినది. 2019లో వచ్చిన రూపాయి బరువు 3.09 గ్రాములకు తగ్గినది.

దీనికి వ్యతిరేకమైన చిక్కు పది రూపాయల బిళ్ళది. నకిలీదను వదంతి వలన తెలుగు నాట పలు అంగళ్ళలో దానిని తీసికొనుట మానిరి. దినమంతయు కూరలమ్మి సంపాదించిన బిళ్ళలను మరునాడు టోకు వర్తకుడు వద్దన్నచో ఆ అమ్మకు కలుగు నష్టము నిజమైనదే. అప్పటికి వెలువడిన 14 నమూనాలును చెల్లునని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించినది. బిళ్ళ మారలేదు, లోహము మారలేదు; పోయినది నమ్మకము మాత్రమే.

సైఫాబాదులో 1903 నాటి టంకశాల భవనమున ఇప్పుడు ప్రదర్శనశాల ఉన్నది. ముద్రణ చర్లపల్లిలో జరుగుచున్నది. అక్కడికి పోలేని తరగతికి ఒక అయస్కాంతము చాలును. స్టీలు రూపాయి దానికి అంటుకొనును; రాగి, నికెలు కలిసిన పాత అయిదు రూపాయల బిళ్ళ అంటుకొనదు.