ఆయనగారి సీసాలో మన పోపులపెట్టె

సంక్రాంతి బజారుకి వెళ్తాం. మనకి చీర, పిల్లలకి బట్టలు, మామగారికి పొందూరు పంచె, కొత్తల్లుడికి ప్యాంటు షర్టు గుడ్డ... అన్నీ అయ్యాక చూసుకుంటే ఇంటాయనకి ఏమీ కొని ఉండం. అడిగితే ‘నాకెందుకే ఇప్పుడు’ అంటారు. ఆ మాట విని మనం కూడా హాయిగా పర్సు మూసేస్తాం. ఈసారి అలా మూసేముందు ఫ్యాన్సీ షాపులో ఒక్క నిమిషం ఆగండి. గడ్డం క్రీములూ బ్లేళ్ళూ ఉన్న అరలో తెరచాప ఓడ బొమ్మతో ఒక సీసా కనిపిస్తుంది. అదే ఓల్డ్ స్పైస్ ఆఫ్టర్ షేవ్ లోషన్.

‘ఓస్, అదా! మా నాన్నగారు రాసుకునేవారు’ అంటారు మీరు. నిజమే. దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో, పలక మీద నిలబడి కెరటాల్ని చీల్చుకుంటూ వచ్చే మనిషి ప్రకటన మనలో ఎవరికి గుర్తులేదు? కొత్తకొత్త స్ప్రేలు అరలనిండా వచ్చినా ఈ సీసా ఇంకా దొరుకుతూనే ఉంది. ఖరీదైన ఫారిన్ సెంట్లతో పోలిస్తే దీని ధర ఏపాటి? అయితే నేను దీన్ని మెచ్చుకునేది ధర కోసం ఒక్కటే కాదు, దాని నెమ్మది కోసం.

షుల్టన్ అనే అమెరికా కంపెనీని విలియం లైట్‌ఫుట్ షుల్ట్జ్ అనే ఆయన 1934లో పెట్టాడు. ఓల్డ్ స్పైస్ పేరుతో 1937లో మొదట వచ్చింది ఆడవాళ్ళ సరుకేనండీ! మగవాళ్ళది మరుసటి ఏడు, 1938లో వచ్చింది. మన పేరుతో మొదలై వాళ్ళ అరలోకి చేరింది. 1990లో ఆ పేరుని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ కొనుక్కుంది. ‘స్పైస్’ అంటే మసాలా దినుసు. మరి మసాలా దినుసుల గురించి మనకి ఎవరు చెప్పాలి?

మూత తీసి వాసన చూడండి. కంపెనీవాళ్ళు పాళ్ళు చెప్పరుగానీ మన ముక్కుకి అన్నీ తెలుస్తాయి. మొదట స్పిరిట్ ఘాటు. దాని వెనకే కమలాపండు తొక్క గిల్లినట్టు ఒక పులుపు, కొంచెం సోంపు. ఆ తర్వాత దాల్చినచెక్క, లవంగం, జాజికాయ. ఆదివారం మాంసం కూరకి మసాలా నూరేటప్పుడు రోట్లోంచి లేచే వాసన, కారమూ ధనియాలూ పడకముందు ఎలా ఉంటుందో అలా. చిట్టచివర మిగిలేది తియ్యటి వాసన. కేకులో వేసే వెనిలా, దాంతో పాటు తలంటు రోజున జుట్టుకి పట్టే సాంబ్రాణి లాంటిది. కార్నేషన్ అనే పువ్వు వాసన కూడా ఇందులో ఉందంటారు. ఆ పువ్వు మన వైపు పెరట్లో పెరగదు, అయినా కంగారు లేదు. లవంగానికి వాసన ఇచ్చే యూజినాలే ఆ పువ్వులోనూ ఉంటుంది. పంటినొప్పికి లవంగనూనె దూది పెట్టుకున్నవాళ్ళు ఆ వాసన ఇట్టే పోల్చుకుంటారు.

సీసా మీది ఓడ చూస్తే నాకు మన తీరమే గుర్తుకొస్తుంది. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు భీమునిపట్నంలో వర్తకస్థావరం పెట్టుకున్నారు. మన తీరాన నేసిన బట్టలు కొని తూర్పు దీవులకి పట్టుకెళ్ళి, అక్కడ లవంగం, జాజికాయలకి మారుబేరం చేసేవారు. భీమిలిలో వాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. ఈసారి బీచికి వెళ్ళినప్పుడు పిల్లలకి చూపించండి.

ఎంతసేపు ఉంటుంది?

ఉదయం ఎనిమిదింటికి గడ్డం గీసుకుని, స్నానం చేసి రాసుకున్నారనుకోండి. మొదటి నిమిషం ‘స్స్...’ అనిపించే మంట. పది నిమిషాలకి పులుపు పోతుంది. అరగంటకి దాల్చినచెక్క, లవంగం బాగా తేలతాయి. టిఫిను తిని చెప్పులు వేసుకునే వేళకి వాసన అక్కడ ఉంటుంది, అందుకే గుమ్మం దగ్గర మనకి బాగుంటుంది. గంటన్నర దాటాక ముఖానికి రాసుకునే పౌడరు లాంటి తియ్యదనం. పదకొండింటికి మరీ దగ్గరకు వెళ్తేనే తెలుస్తుంది. ఫ్యాను కింద కూర్చునే ఉద్యోగమైతే ఇంకాస్త ఉంటుంది. ఎండలో బండి మీద రాజాం నుంచి పాలకొండ వెళ్ళే మనిషైతే అంత కూడా ఉండదు.

‘రెండు మూడు గంటలకే పోయేదానికి డబ్బెందుకు?’ అంటారేమో. పోవడమే దాని మంచితనం అంటాను నేను. మనది ఉప్పుగాలి, ఉక్కపోత. వేడికి సెంటు త్వరగా ఆవిరై ఒక్కసారిగా పైకి లేస్తుంది. ‘ఇరవైనాలుగు గంటలు’ అని గొప్ప చెప్పుకునే ఘాటు స్ప్రేలు ఇక్కడి చెమటతో కలిసి మధ్యాహ్నానికి ఏమవుతాయో, కిక్కిరిసిన బస్సులో నిలబడ్డవాళ్ళకి చెప్పక్కర్లేదు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మూడులాంతర్ల దగ్గర జనంలో ఇరుక్కుంటే, ఎవరు ఏ డబ్బా కొట్టుకొచ్చారో కళ్ళు మూసుకుని చెప్పేయొచ్చు. ఆ జనంలో ఓల్డ్ స్పైస్ మనిషి పక్కవాణ్ణి బాధపెట్టడు.

లెక్క కూడా ఉంది. ఆఫ్టర్ షేవ్‌లో సుగంధ తైలం నూటికి ఒకటి నుంచి మూడు పాళ్ళు. కొలోన్‌లో రెండు నుంచి అయిదు. ‘ఓ ద తువాలెట్’ అని రాసి ఉన్నవాటిలో అయిదు నుంచి పదిహేను. మిగతాదంతా స్పిరిట్టూ నీళ్ళూ. ఎక్కువసేపు నిలవాలంటే ఎక్కువ పాళ్ళది కొనాలి, ధరా అలాగే పెరుగుతుంది. కొనేముందు ధరని మిల్లీలీటర్లతో భాగించి చూడండి. చిన్న సీసా చవకగా కనిపిస్తుందిగానీ తరచు పెద్దదే గిట్టుబాటు. చెంచాకి అయిదు మిల్లీలీటర్లు కదా, ముఖానికి చెంచాలో అయిదో వంతు చాలు. అంటే వంద మిల్లీలీటర్ల సీసా రోజూ వాడినా మూడు నెలలు దాటి వస్తుంది. అరచెయ్యి నిండా వొంపుకుని చప్పట్లు కొట్టినట్టు చెంపలకి కొట్టుకునే మగవాళ్ళుంటారు. అలాంటి వారింట్లో సీసా మన చేతిలో ఉండటమే మంచిది.

కాస్త సేపు నిలవాలంటే ఉపాయం మన దగ్గరే ఉంది. పొడిచర్మం మీద సెంటు త్వరగా ఎగిరిపోతుంది. మెడ వెనక, మణికట్టు మీద ఒక్క చుక్క కొబ్బరినూనె రాసి, ఆ పైన లోషను అద్దితే ఇంకో గంట ఉంటుంది. చొక్కా గుడ్డ మీద ఇంకా ఎక్కువ సేపు నిలుస్తుంది, కానీ తెల్ల చొక్కా మీదా పట్టు కండువా మీదా వెయ్యనివ్వకండి, మరక పడితే మనకే పని. ఇంకో సంగతి. రాసుకున్న మనిషి ముక్కు కొద్దిసేపటికే ఆ వాసనకి అలవాటుపడి పోయిందనుకుంటుంది. అందుకే వాళ్ళు మళ్ళీ మళ్ళీ రాసుకుంటారు. సరిపోయిందో లేదో చెప్పాల్సింది వాళ్ళు కాదు, ఎదురుగా ఉన్న మనం.

జీడిపొగ చొక్కా

నాకు వదిన వరస అయ్యే ఒకావిడ పలాస వైపు ఉంటుంది. వాళ్ళాయన జీడిపిక్కలు కాల్చేచోట పని. పిక్క తోలులో ఉండే చమురు కాలితే వచ్చే పొగ ఎలాంటిదో ఆ వైపు వాళ్ళకి తెలుసు. చొక్కాకీ జుట్టుకీ పడుతుంది, చేతులు నల్లబడతాయి. ‘ఓలమ్మా, పీల్చీ పీల్చీ నాకు తెలీడం మానీసింది’ అంటుందావిడ. తెలిసింది కూతురికి. బడిలో తల్లిదండ్రుల మీటింగుకి ‘నాన్న వద్దు, నువ్వే రా అమ్మా’ అందట ఆ గుంట. లోపల గదిలో ఉన్న ఆయన విననే విన్నాడు. ఏమీ అనలేదు. ఆ ఏడాది వెళ్ళలేదు, మరుసటి ఏడాదీ వెళ్ళలేదు. పెళ్ళిళ్ళలో పంక్తి చివర కూర్చోవడం మొదలుపెట్టాడు.

వదిన తిరుపతి లడ్డూ అడగనట్టు, చీర అడగనట్టు, నన్ను ‘మగాళ్ళకి ఏ సెంటు మంచిదమ్మా’ అని అడిగింది. సీసా కంటే ముందు చెప్పాల్సింది వేరే ఉంది. సెంటు ఏ కంపునీ కప్పదు. పొగవాసన మీద మసాలా వాసన వేస్తే రెండూ కలిసి మూడోది తయారవుతుంది, అది మరీ ఘోరం. కాబట్టి పనిచొక్కా వేరు, ఇంట్లోకి తేకుండా పెరట్లో తీగ మీదే ఉండాలి. నీళ్ళు పోసుకునే ముందు ఒంటికీ చేతులకీ కొబ్బరినూనె బాగా మర్దనా చెయ్యాలి. జీడిచమురు జిడ్డు నూనెకి కరిగినట్టు వట్టి సబ్బుకి కరగదు. ఆ పైన సున్నిపిండి, తర్వాత సబ్బు. తలకి కుంకుడురసం. ఉతికిన చొక్కా ఎండలో తిరగేసి ఆరెయ్యాలి. ఇవన్నీ అయ్యాక, చెవుల వెనక రెండు చుక్కలు లోషను, అంతే. జీడిచమురు తగిలి పొక్కిన చేతులకి మాత్రం పొరపాటున కూడా వద్దని గట్టిగా చెప్పాను. స్పిరిట్ కదా, ప్రాణం పోయినంత మంట.

ఆ ఏడాది మీటింగుకి ఆయన వెళ్ళాడు. ‘ఎవరూ ఏటీ అనలేదు వదినా, పంతులుగారి ముందరి బల్లకే కూకున్నాడు’ అని ఫోనులో చెప్పింది. కూతురు ఏమంది అని అడిగాను. ‘ఏటంటాది, పక్కన కూకుంది’ అంది.

మరి మన మొగలి?

‘అమెరికా సీసా ఎందుకు, మన ఇచ్ఛాపురం వైపు మొగలిపువ్వు లేదా’ అని మీరు అడగొచ్చు. ఉంది మరి. ఉద్దానం ఇసకనేలల్లో గట్లమీద కంచెలా పెరిగే మొగలిపొద మనందరికీ తెలుసు. సరిహద్దు దాటితే గంజాం జిల్లా, మొగలితైలానికి దేశమంతటా పేరు. వాసన ఉండేది మగచెట్టు పువ్వుకే. రాగిపాత్రల్లో పువ్వులు నీళ్ళతో కాచి, ఆవిరిని గంధపుతైలంలోకి దింపితే మొగలి అత్తరు. స్పిరిట్ ఉండదు కాబట్టి మంట ఉండదు, ఒక్క చుక్క దూదికి అద్ది చెవి మడతలో పెట్టుకుంటే సాయంత్రం దాకా ఉంటుంది. పెళ్ళికీ పండక్కీ దాని ముందు ఏదీ నిలవదని నేనూ ఒప్పుకుంటాను. రోజూ ఆఫీసుకీ బస్సుకీ మాత్రం అది బరువైన వాసన. పైగా అసలు గంధపుతైలంలో దింపినది చాలా ఖరీదు. చవకగా దొరికేవి ఎక్కువగా పారఫిన్ నూనెలో కలిపినవే. మొగలిరేకులు పట్టుచీరల మడతల్లో ఉంటేనే నాకు ఇష్టం.

ఇంట్లో జాగ్రత్తలు కొన్ని. గడ్డం గీసుకోగానే తెగిన చోట ముందు పటిక రుద్దాలి. అది రక్తం ఆపుతుంది, ఖర్చూ ఏమంత కాదు. రక్తం ఆరాకే లోషను. మొటిమలు, దద్దుర్లు ఉన్న చెంపకీ వద్దు, దాల్చినచెక్క, లవంగం వాసనలు కొందరి చర్మానికి పడవు కూడా. మొదటిసారి మోచేతి మడతలో ఒక చుక్క వేసి ఒకరోజు చూడండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఆరుబయట రాసుకోమనండి. దీపారాధన చేస్తున్న చోటా, గ్యాసు పొయ్యి దగ్గరా ఏ సెంటూ వద్దు, స్ప్రే డబ్బాలైతే మరీను. స్పిరిట్‌కి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. వెనకటికి జ్వరం వస్తే ఓడికొలోన్ తడిగుడ్డ నుదుటిమీద వేసేవారు కదా అని ఇది వెయ్యకండి. చంటిపిల్లలకి ఓడికొలోన్ కూడా ఇప్పుడు వద్దు, ఒట్టి నీళ్ళగుడ్డ చాలు. పిల్లల చేతికి సీసా అందనివ్వకండి, నోట్లో పోసుకుంటే నేరుగా ఆసుపత్రికే.

పాలిష్ పెట్టిన టేకు బల్లమీద ఒలికితే తెల్లమచ్చ పడుతుంది, వెంటనే పొడిగుడ్డతో అద్దెయ్యండి. కిటికీలో ఎండ తగిలేచోట పెడితే వాసన మారిపోతుంది. బీరువాలో చీకటిగా ఉన్న అరలో, పెట్టెతో సహా పెట్టండి. సంతల్లో, రైల్వేస్టేషన్ల బయట సగం ధరకి అమ్మేవాటి జోలికి పోకండి. సీలు, తయారీ నెల, ధర అచ్చు సరిగ్గా ఉన్నది చూసి తీసుకోండి. సీసా అయిపోయాక మూత తీసి ఒకటి రెండు రోజులు బట్టల అరలో ఓ మూల నిలబెడితే, ఆయన చొక్కాలకి ఆ కాస్త వాసనా పడుతుంది.