ఇంట్లో ఒక గట్టి గది: దాని ఖరీదెంత?

గాలి ఇంటిని ఊడబెరికి పోతుందంటే నమ్మగలరా? అమెరికా నడిమి మైదానాల్లో, ముఖ్యంగా టెక్సస్, ఓక్లహోమా, కాన్సస్ రాష్ట్రాల్లో, వసంతకాలం వచ్చిందంటే టోర్నడోల భయం. నల్లని మేఘం అడుగు నుండి ఏనుగు తొండంలా నేలకు దిగే ఈ సుడిగాలి, తీవ్రమైనదైతే, దారిలో ఉన్న ఇంటిని పునాది మట్టుకు ఊడ్చివేస్తుంది. హెచ్చరిక అందాక మిగిలే సమయం సగటున పావుగంట కూడా కాదు. ఊరు విడిచి వెళ్లడం సాధ్యం కాదు. అందుకే అక్కడి ఇంజనీర్లు ఇంట్లోనే ఒక సురక్షితమైన గది కట్టుకొనే ఉపాయం కనిపెట్టారు.

నిలిచి ఉన్న చిన్న గదులు

1970 మే 11న టెక్సస్‌లోని లబ్బక్ నగరాన్ని టోర్నడో తాకింది. 26 మంది మరణించారు. ఆ నగరంలోనే ఉన్న టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయం ఇంజనీర్లు శిథిలాలను పరిశీలించడం మొదలుపెట్టారు. తరువాతి సంవత్సరాల్లో ఎన్నో చోట్ల వారికొక వింత కనిపించింది. ఇల్లంతా కూలిపోయినా నడుమనున్న స్నానాల గదో, బట్టలు పెట్టుకొనే చిన్న గదో నిలిచి ఉండేది!

కారణం ఏమిటి? చిన్న గదిలో గోడల నిడివి తక్కువ, మూలలు దగ్గర దగ్గరగా ఉంటాయి. అందువల్ల ఒక గోడకు మరొక గోడ ఆసరా అవుతుంది. అనుకోకుండా నిలిచిన ఆ గదినే కావాలని గట్టిగా కడితే? ఆచార్య ఎర్న్‌స్ట్ కీస్లింగ్, ఆయన సహచరులు ఈ ఆలోచననే పెంచి పోషించారు. 1998లో అమెరికా ప్రభుత్వ విపత్తు సంస్థ ఇలాంటి గదుల నమూనాలను పుస్తకంగా ప్రచురించింది.

గాలి బలం ఎంత?

గాలి ఒత్తిడి దాని వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 47 కిలోల బరువంత ఒత్తిడి కలిగిస్తుంది. వేగం నాలుగు రెట్లయితే ఒత్తిడి పదహారు రెట్లవుతుంది. అంటే గంటకు 400 కిలోమీటర్ల వేగం వద్ద చదరపు మీటరుకు సుమారు 750 కిలోలు! రెండు చదరపు మీటర్ల తలుపు మీద ఒకటిన్నర టన్నులు పడినట్లే. సురక్షిత గదులను ఈ వేగానికి తట్టుకొనేలా రూపొందిస్తారు.

గాలి ఒక్కటే కాదు, అది విసిరే దుంగలూ పలకలూ ప్రాణాలు తీస్తాయి. అందుకే ప్రయోగశాలలో గాలి ఫిరంగితో 6.8 కిలోల కర్రను గంటకు 160 కిలోమీటర్ల వేగంతో గోడకు, తలుపుకు గురిపెట్టి కొడతారు. దాని గతిజ శక్తి, 50 కిలోల బియ్యం బస్తా నాలుగంతస్తుల పైనుంచి పడినప్పటి శక్తితో సమానం. కర్ర లోపలికి దూసుకు రాకపోతేనే ఆ గోడ పరీక్షలో నెగ్గినట్లు.

డబ్బు ఎక్కడ ఖర్చవుతుంది?

ఆ ప్రాంతాల్లో ఇళ్లు చాలావరకు చెక్క చట్రాలతో కడతారు. గట్టి గదికి మాత్రం బోలు సిమెంటు ఇటుకల్లో ఇనుప కడ్డీలు నిలిపి కాంక్రీటు నింపాలి. లేదా చెక్క గోడలకు ఉక్కు రేకు తాపడం చేయాలి. గది ఎగిరిపోకుండా పునాదికి బిగించాలి. మూడు మడతబందులు, మూడు గడియలు ఉన్న ఉక్కు తలుపు పెట్టాలి. గోడ ఎంత గట్టిదైనా తలుపు ఊడిపోతే ఖర్చంతా వృథాయే.

2011 నాటి ధరల ప్రకారం, కొత్త ఇంటితోపాటు కట్టే 8 అడుగుల చదరపు గదికి 6,600 నుండి 8,700 డాలర్లు అవుతుందని ఆ ప్రభుత్వ సంస్థ అంచనా వేసింది. 14 అడుగుల చదరపు గదికైతే 12,000 నుండి 14,300 డాలర్లు. పాత ఇంట్లో కట్టాలంటే మరో ఇరవై శాతం అదనం. ఆ తరువాత ధరలు ఇంకా పెరిగాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. చిన్న గది వైశాల్యం 64 చదరపు అడుగులు, పెద్ద గదిది 196. అంటే మూడు రెట్లు. కాని ఖర్చు రెట్టింపు కూడా కాలేదు! ఎందుకంటే గోడల చుట్టుకొలత 32 అడుగుల నుండి 56 అడుగులకే పెరిగింది. తలుపు ఒక్కటే సరిపోయింది. ఎక్కువమంది కలిసి తలదాచుకొనే గదిలో తలా ఒక్కింటికి పడే ఖర్చు తగ్గుతుందన్నమాట.

డబ్బు లేనివారి సంగతేమిటి? ఓక్లహోమా రాష్ట్రం ఖర్చులో కొంత తిరిగి ఇచ్చే పథకం పెట్టి, లబ్ధిదారులను లాటరీ పద్ధతిలో ఎంపిక చేసింది. 2013 మే 20న ఆ రాష్ట్రంలోని మూర్ పట్టణంలో టోర్నడోకు 24 మంది బలయ్యారు. వారిలో ఏడుగురు ఒకే పాఠశాల పిల్లలు. ఆ బడిలో సురక్షిత గది లేదు. తిరిగి కట్టినప్పుడు ఏర్పాటు చేశారు.

మన తీరానికి ఏది తగును?

ఇదే గది మన కోస్తాలో పనికొస్తుందా? 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు పదివేల మంది చనిపోయారు. వారిలో ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నది గాలి కాదు, సుమారు అయిదు మీటర్ల ఎత్తున వచ్చిన ఉప్పెన. నేలమట్టాన ఉన్న గది ఎంత గట్టిదైనా అందులో నీరు చేరితే అదే ఉచ్చు అవుతుంది. అందుకే ఉప్పెన వచ్చే చోట్ల ఇలాంటి గది కట్టవద్దని అమెరికా నిబంధనలూ చెబుతాయి.

అయితే తుపాను టోర్నడోలా చెప్పకుండా రాదు. హెచ్చరించడానికి రోజుల వ్యవధి ఉంటుంది. కనుక మన తీరంలో ఊరంతటికీ పనికివచ్చేలా ఎత్తయిన స్తంభాల మీద తుపాను షెల్టర్లు కట్టారు. మిగిలిన రోజుల్లో వాటిలో బడులు నడుపుకోవచ్చు. 1990 మేలో మరో భీకర తుపాను ఆంధ్ర తీరాన్ని తాకింది. లక్షలాది ప్రజలను ముందుగానే తరలించడంతో ప్రాణనష్టం వెయ్యి లోపే ఉంది.

కాబట్టి “గది ఖరీదెంత?” అని అడిగే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ప్రమాదం గాలితోనా, నీటితోనా? చేతిలో ఉన్న సమయం ఎంత? ఎంతమంది పంచుకోగలరు? మీ ఊరికి, మీ బడికి ఈ ప్రశ్నలు వేసి, జవాబులు మీరే రాసి చూడండి.