కంప్యూటరును టెలివిజన్‌కు కలుపుకొనే విధానం



ఈ మధ్య సంఘాల సమావేశాలకు వెళ్ళినప్పుడు పాల ధర, దాణా సంగతులు అయిన తరువాత సభ్యులు మమ్మల్ని మరొక ప్రశ్న కూడా అడుగుతున్నారు. "పిల్లల చదువు కోసం కంప్యూటరు కొన్నాము. దాని తెర చిన్నది. ఇంట్లో పెద్ద టీవీ ఉన్నది. రెండూ కలపవచ్చునా?" అని కొందరు అడుగుతున్నారు. "సేకరణ కేంద్రంలో కంప్యూటరు తెర కార్యదర్శి వైపు తిరిగి ఉంటుంది. మా పాలకు ఎంత వెన్న శాతం వచ్చిందో మాకు కనబడదు. గోడకు టీవీ పెట్టి అందులో చూపించవచ్చునా?" అని మరికొందరు అడుగుతున్నారు.

రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. కలపవచ్చును. దీనికి పెద్ద ఖర్చు లేదు. వైరుతో కలిపితే ఇంటర్నెట్టు కూడా అవసరం లేదు. అయితే ఏ వైరు ఎక్కడ పెట్టాలో తెలియాలి. సంఘంలో అయితే తెర మీద ఏమి చూపాలో, ఏమి చూపరాదో కూడా తెలియాలి. ఈ రెండో సంగతి మేము ఆలస్యంగా నేర్చుకున్నాము. అది చివర చెబుతాము.

ఇది కొత్త సంగతి కాదు

కంప్యూటరుకు టీవీని తెరగా వాడుకోవడం నిన్న మొన్న పుట్టినది కాదు. 1982లో బ్రిటన్‌లో జడ్.ఎక్స్. స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటరు, అదే సంవత్సరం అమెరికాలో కమొడోర్ 64 అనేది అమ్మకానికి వచ్చాయి. చూడడానికి అవి మీటల పలకలు మాత్రమే. కంప్యూటరు అంతా ఆ పలక లోపలే ఉండేది. సొంత తెర ఉండేది కాదు. వెనుక నుండి ఒక వైరు తీసి, టీవీకి ఏంటెనా వైరు పెట్టే చోట పెట్టేవారు. కంప్యూటరులోని చిన్న పరికరం ఒకటి బొమ్మను, టీవీ కేంద్రం ప్రసారం చేసినట్లే, ఒక ఛానల్ మీదకు ఎక్కించేది. టీవీని ఆ ఛానల్‌కు తిప్పితే అక్షరాలు కనబడేవి. స్పెక్ట్రమ్‌కు అది 36వ ఛానల్.

పాలను ఒక క్యానులోనుండి మరొక క్యానులోకి వంచిన ప్రతిసారీ కొంత ఒలికిపోయినట్లే, బొమ్మను ఛానల్ మీదకు ఎక్కించి మళ్ళీ దించేసరికి కొంత చెదిరిపోయేది. అక్షరాల అంచులు అలుక్కుపోయేవి. స్పెక్ట్రమ్‌లో వరుసకు 32 అక్షరాలు, కమొడోర్‌లో 40 అక్షరాలు మాత్రమే పట్టేవి. మన దేశంలో 1984లో మొదలైన 'క్లాస్' పథకం కింద పాఠశాలలకు బి.బి.సి. మైక్రో అనే బ్రిటన్ కంప్యూటర్లు ఇచ్చారు. అవి కూడా ఆ కాలానివే.

ఇప్పటి కంప్యూటరు, ఇప్పటి టీవీ బొమ్మను అంకెల రూపంలోనే పంపుకొని అందుకుంటాయి. మధ్యలో ఎక్కించడం, దించడం లేదు. కావున అక్షరం చెదరదు. పని కూడా సులువైనది.

ముందు సాకెట్లు చూడండి

వైరు కొనడానికి బజారుకు వెళ్ళే ముందు కంప్యూటరు వెనుక, టీవీ వెనుక ఏ సాకెట్లు ఉన్నాయో చూసుకోండి. వీలైతే ఫోనుతో ఫొటో తీసుకొని వెళ్ళండి.

1. హెచ్.డి.ఎమ్.ఐ.: ఇది పలుచని వెడల్పు నోరు. కింది రెండు మూలలు లోపలికి వాలి ఉంటాయి. లోపల 19 పిన్నులు ఉంటాయి. ఈ విధానాన్ని 2002లో ప్రకటించారు. బొమ్మ, ధ్వని రెండూ ఒకే వైరులో వెళతాయి. రెండు వైపులా ఇది ఉంటే ఒక్క వైరు చాలు, ఇక ఏమీ అక్కరలేదు.

2. వి.జి.ఎ.: ఇది 1987 నాటిది. మూడు వరుసల్లో 15 రంధ్రాలు, పక్కన రెండు స్క్రూలు ఉంటాయి. తరచుగా నీలం రంగులో ఉంటుంది. ఇందులో బొమ్మ మాత్రమే వెళుతుంది. ధ్వని కావాలంటే వేరే వైరు పెట్టాలి. కంప్యూటరుకు వి.జి.ఎ., టీవీకి హెచ్.డి.ఎమ్.ఐ. ఉంటే, ఒక వైపు ఇది, మరొక వైపు అది ఉన్న ఉత్త వైరు పనిచేయదు. మధ్యలో మార్పిడి పరికరం, అనగా కన్వర్టరు ఉండాలి. కొనేటప్పుడు ఏ వైపు నుండి ఏ వైపుకు మార్చాలో దుకాణదారుకు స్పష్టంగా చెప్పండి. ఇటు నుండి అటు మార్చేది అటు నుండి ఇటు మార్చదు.

3. పసుపు, ఎరుపు, తెలుపు గుండ్రని సాకెట్లు: పాత డబ్బా టీవీలకు ఇవే ఉంటాయి. పసుపు బొమ్మకు, ఎరుపు తెలుపు ధ్వనికి. ఇప్పటి కంప్యూటరును వీటికి కలపాలన్నా కన్వర్టరు కావాలి. కలిపినా డబ్బా టీవీలో బొమ్మకు 576 వరుసలే గనుక చిన్న అక్షరాలు చదవలేము. సినిమా చూడడానికి పనికి వస్తుంది, లెక్కలు చూడడానికి పనికిరాదు.

4. యు.ఎస్.బి. సి: కొత్త ల్యాప్‌టాప్‌లకు ఉండే చిన్న కోలనోరు. కొన్నింటిలో దీని ద్వారా బొమ్మ వస్తుంది, కొన్నింటిలో రాదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన పుస్తకంలో చూసిన తరువాతనే దీనికి కన్వర్టరు కొనండి.

కలిపే క్రమం

మొదట కంప్యూటరును, టీవీని రెండింటినీ ఆపండి. ప్లగ్గులు తీసివేయండి. చేతులు తడి లేకుండా తుడుచుకొని వైరు రెండు కొసలూ గట్టిగా పెట్టండి. వైరు 5 మీటర్ల లోపు ఉంటే మంచిది. దూరం పెరిగితే మంచి రకం వైరు కావాలి. లేనిచో బొమ్మ మినుకుమినుకుమంటుంది.

తరువాత టీవీ వేయండి. రిమోటులో 'సోర్స్' అని గాని 'ఇన్‌పుట్' అని గాని ఉన్న మీట నొక్కి, మీరు వైరు పెట్టిన సాకెట్టు పేరు ఎంచుకోండి. టీవీకి హెచ్.డి.ఎమ్.ఐ. సాకెట్లు రెండు మూడు ఉంటే వాటి మీద 1, 2, 3 అని అంకెలు ఉంటాయి. ఆ అంకె సరిచూసుకోండి. ఇప్పుడు కంప్యూటరు వేయండి.

విండోస్ కంప్యూటరు అయితే, మీటల పలకపై కిటికీ గుర్తు ఉన్న మీటను పట్టుకొని 'పి' నొక్కండి. నాలుగు దారులు కనబడతాయి. మొదటిది కంప్యూటరు తెర మాత్రమే. రెండోది 'డూప్లికేట్', అనగా కంప్యూటరులో ఉన్నదే టీవీలోనూ కనబడుతుంది. మూడోది 'ఎక్స్‌టెండ్', అనగా టీవీ వేరే తెరగా పనిచేస్తుంది. కంప్యూటరులో ఒకటి, టీవీలో మరొకటి ఉంచవచ్చును. నాలుగోది టీవీ మాత్రమే. ఇంట్లో పిల్లల పాఠాలకు 'డూప్లికేట్' చాలు.

బొమ్మ రాకపోతే

'నో సిగ్నల్' అని వస్తే కంగారు పడవద్దు. చాలాసార్లు తప్పు వైరుది కాదు, సోర్స్ సరిగా ఎంచుకోకపోవడమే. అది సరిగా ఉంటే వైరు తీసి మళ్ళీ పెట్టండి. అప్పటికీ రాకపోతే వేరే సాకెట్టులో పెట్టి చూడండి. బొమ్మ అంచులు కోసినట్లు ఉంటే టీవీ సెట్టింగులలో బొమ్మ పరిమాణం మార్చండి. ఇది కొన్ని టీవీలలో 'జస్ట్ స్కాన్' అని, కొన్నింటిలో 'స్క్రీన్ ఫిట్' అని ఉంటుంది. బొమ్మ వచ్చి ధ్వని రాకపోతే, కంప్యూటరులో ధ్వని గుర్తు నొక్కి టీవీ పేరు ఎంచుకోండి.

ప్రాణానికి జాగ్రత్త

సేకరణ కేంద్రంలో నేల రోజుకు రెండు పూటలా కడుగుతాము. అక్కడ కరెంటుతో ఆటలాడరాదు. టీవీని, కంప్యూటరును ఎర్తు ఉన్న మూడు పిన్నుల బోర్డుకే పెట్టండి. రెండింటినీ ఒకే బోర్డుకు పెట్టడం మంచిది. వైర్లు నేల మీద కాక గోడ వెంట పోవాలి. టీవీని నీళ్ళు చిందని ఎత్తులో బిగించాలి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ప్లగ్గులతో పాటు కేబుల్ టీవీ లేక డిష్ వైరు కూడా తీసివేయండి. పాత డబ్బా టీవీ వెనుక మూత ఎవరూ తీయరాదు. ఆపిన తరువాత కూడా అందులో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉండవచ్చును.

సంఘంలో తెర ఎందుకు?

ఒక చిన్న లెక్క చూడండి. కిలో వెన్నకు 700 రూపాయలు అనుకుందాము. ఒక సభ్యురాలు పూటకు 5 కిలోల పాలు పోస్తుంది. వెన్న 6.5 శాతం ఉంటే 325 గ్రాముల వెన్న, అనగా 227 రూపాయల 50 పైసలు. అదే 6.0 అని పడితే 300 గ్రాములు, 210 రూపాయలు. తేడా 17 రూపాయల 50 పైసలు. నెలంతా పూటపూటకూ అలాగే పడితే ఒక్క పూట పాల మీదనే 525 రూపాయలు. ఇది ఎవరో మోసం చేస్తేనే జరగనక్కరలేదు. 47వ నెంబరుకు బదులు 74 నొక్కితే చాలు, ఒకరి పాలు మరొకరి ఖాతాలో పడతాయి. బిల్లు వచ్చిన రోజున అడిగితే ఎవరికీ గుర్తుండదు. పాలు పోసిన మనిషి అక్కడ నిలబడి ఉండగానే అంకె ఎదురుగా కనబడితే, తప్పు అప్పుడే దిద్దుకోవచ్చును. తెర పెట్టిన ఒక సంఘంలో మొదటి వారంలోనే ఇటువంటి తప్పును ఒక సభ్యుడు పట్టుకున్నాడు.

మేము చేసిన పొరపాటు

అయితే అదే సంఘంలో మరొకటి కూడా జరిగింది. అక్కడ టీవీని కలిపినది మేమే. సులువని 'డూప్లికేట్' పెట్టి వచ్చాము. బిల్లుల రోజున, పాలు పోసేవారంతా వరుసలో ఉండగా, కార్యదర్శి ఒక సభ్యురాలి దాణా బాకీ లెక్క తీశాడు. అది ఆయన తెర మీద కనబడినట్లే గోడ మీద కూడా పెద్ద అక్షరాలతో కనబడింది. వరుసలో ఉన్నవారందరూ చదివారు. మరునాడు ఆమె రాలేదు. ఆ తరువాత పాలు బయటి వర్తకునికి పోయడం మొదలుపెట్టింది.

మేము వారి ఇంటికి వెళ్ళాము. "పాలు చూపించమన్నాము గాని, మా అప్పు చూపించమనలేదు గదా!" అన్నది. మాకు జవాబు లేకపోయింది. తప్పు ఒప్పుకొని వచ్చి, ఆ రోజే టీవీని 'ఎక్స్‌టెండ్'కు మార్చాము. ఇప్పుడు గోడ మీద సభ్యుని నెంబరు, పాల తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర, ఆ పూట మొత్తం, ఇవి మాత్రమే కనబడతాయి. పేరు ఉండదు. బాకీ, కోత, బ్యాంకు ఖాతా నెంబరు ఉండవు. ఆమె కొంతకాలానికి మళ్ళీ సంఘానికే పాలు పోస్తున్నది. కాని మునుపటిలాగా నిలబడి నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళడం లేదు.

కావున పాలకవర్గాలకు మా మనవి. టీవీ బిగించక ముందే పాల లెక్కల ప్రోగ్రాములో సభ్యులకు చూపే వేరే కిటికీ ఉన్నదో లేదో సరఫరాదారును అడగండి. లేకపోతే ఖాతాలు తీసే ముందు కార్యదర్శి తప్పక 'కంప్యూటరు తెర మాత్రమే' అనే దారికి మార్చాలి. ఏమేమి చూపాలో సమావేశంలో సభ్యులనే అడిగి తీర్మానం రాసుకోండి.

సభ్యులకు కూడా ఒక మాట. తెర పెట్టినంత మాత్రాన మేలు జరగదు, దాని వైపు చూడాలి. పాలు పోసిన వెంటనే మీ నెంబరు, తూకం, వెన్న శాతం చూసుకోండి. అనుమానం ఉంటే నమూనా పారబోయక ముందే అడగండి. చదువు రాని వారికి పక్కవారు చదివి చెప్పండి. ఎవరి పాల లెక్క వారికి ఎదుటనే తెలియడం, ఎవరి ఇంటి సంగతి వారి వద్దనే ఉండడం, రెండూ సంఘం నిలబెట్టవలసినవేనని మనవి చేస్తున్నాము.