మేక్‌ఫైలు

మేక్‌ఫైలు అనగా ఒక సాఫ్టువేరును దాని మూలకోడు నుండి నిర్మించుటకు కావలసిన నియమాలను వ్రాసి ఉంచిన ఫైలు. ఈ నియమాలను చదివి అమలుపరచే ప్రోగ్రామును మేక్ అంటారు. గృహోపకరణాలు, కొలత పరికరాలు మొదలైన వాటిలో ఇమిడి ఉండే మైక్రోకంట్రోలర్లకు ప్రోగ్రాములు తయారుచేయుటలో కూడా మేక్‌ఫైళ్ళు విరివిగా వాడుకలో ఉన్నాయి.

చరిత్ర

మేక్‌ను 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రూపొందించాడు. ఆయన సహోద్యోగి స్టీవ్ జాన్సన్ ఒక ప్రోగ్రాములోని దోషాన్ని సరిదిద్దాడు గాని, ఆ ఫైలు మరల కంపైల్ కాలేదు. ఆ సంగతి తెలియక, సరిగా ఉన్న ప్రోగ్రాములోనే తప్పు వెదుకుతూ ఒక ఉదయమంతా వృథా చేసుకున్నాడు. ఇటువంటి ఇబ్బందిని నివారించాలన్న ఆలోచన నుండి మేక్ పుట్టింది. ఇందుకు ఫెల్డ్‌మన్‌కు 2003 సంవత్సరపు ఏ.సి.ఎం. సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు లభించింది. లినక్సులో సాధారణంగా వాడే గ్నూ మేక్‌ను రిచర్డ్ స్టాల్‌మన్, రోలాండ్ మెక్‌గ్రాత్ వ్రాశారు.

పనిచేయు విధానం

ప్రతి నియమంలో మూడు భాగాలుంటాయి.

* లక్ష్యం: తయారు కావలసిన ఫైలు.
* ఆధారాలు: లక్ష్యం తయారగుటకు ముందుగా ఉండవలసిన ఫైళ్ళు.
* ఆదేశాలు: ఆధారాల నుండి లక్ష్యాన్ని తయారుచేసే కమాండ్లు. సాధారణంగా ఈ పంక్తులు ట్యాబ్‌తో మొదలు కావాలి. దాని బదులు ఖాళీలు ఉంచితే మేక్ దోషాన్ని చూపి ఆగిపోతుంది.

మేక్ లక్ష్యం, ఆధారాలు చివరిసారి మారిన సమయాలను పోల్చి చూస్తుంది. లక్ష్యం లేకున్నా, ఏదైనా ఆధారం లక్ష్యం కంటె కొత్తదైనా ఆదేశాలను అమలు చేస్తుంది. అందువలన వంద ఫైళ్ళలో ఒక్కటి మారితే, దానిపై ఆధారపడినవి మాత్రమే మరల తయారవుతాయి.

మైక్రోకంట్రోలర్లకు నిర్మాణం

ఆర్డుయినో ఊనో బోర్డులోని ఏటిమెగా328పి చిప్పులో 32 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీ మాత్రమే ఉంది. దానిలో కంపైలరును నడపడం సాధ్యం కాదు. కనుక ప్రోగ్రామును వేరొక కంప్యూటరులో క్రాస్ కంపైలరు ద్వారా తయారుచేస్తారు. మేక్‌ఫైలులో ఈ దశలు వరుసగా ఉంటాయి.

# ఏవీఆర్-జీసీసీ ప్రతి సి ఫైలును ఆబ్జెక్టు ఫైలుగా మార్చుతుంది.
# ఆబ్జెక్టు ఫైళ్ళను లింకరు జతచేసి ఈఎల్ఎఫ్ ఫైలును ఇస్తుంది.
# ఏవీఆర్-ఆబ్జ్‌కాపీ దానిని హెక్స్ ఫైలుగా మార్చుతుంది.
# ఏవీఆర్‌డ్యూడ్ ఆ హెక్స్ ఫైలును చిప్పులోనికి ఎక్కించుతుంది.

జాగ్రత్తలు

మేక్‌కు తెలిసినవి వ్రాసిన ఆధారాలు మాత్రమే. ఒక హెడరు ఫైలును ఆధారాలలో చేర్చకపోతే, దానిలోని విలువ మార్చినా పాత ఆబ్జెక్టు ఫైలే లింకవుతుంది. పరికరం పాత విలువతోనే పనిచేస్తుంది. జీసీసీకి ఎంఎండీ ఐచ్ఛికం ఇస్తే హెడర్ల జాబితా దానంతట అదే తయారవుతుంది. ఆ జాబితాను మేక్‌ఫైలులో కలుపుకోవాలి.

చిప్పు వేగాన్ని సాధారణంగా మేక్‌ఫైలులోనే ఒక చరరాశిగా తెలుపుతారు. 16 మెగాహెర్ట్జ్‌తో నడిచే చిప్పుకు 8 అని వ్రాస్తే, ఒక సెకను ఆగవలసిన చోట ప్రోగ్రాము అర సెకనే ఆగుతుంది. ఈ విలువను తరువాత సరిదిద్దినా సి ఫైళ్ళ సమయాలు మారవు కనుక మేక్ వాటిని మరల కంపైల్ చేయదు. మేక్‌ఫైలును కూడా ఆధారాలలో చేర్చుట, లేదా మేక్ క్లీన్ నియమాన్ని వ్రాసుకొని దానితో పాత ఫైళ్ళను తొలగించి మొదటినుండి నిర్మించుట దీనికి పరిష్కారం.

ఇవి కూడా చూడండి

* కంపైలరు
* సి ప్రోగ్రామింగు భాష
* మైక్రోకంట్రోలరు