ప్రింట్ రంగు కుదరాలంటే ఏ మీటర్ కొనాలి?

పోయిన సెలవుల్లో అమ్మమ్మని దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గరికి తీసుకెళ్లి ఫోటో తీశాను. చిలకపచ్చ చీర, వెనకాల నీళ్లు. లాప్‌టాప్‌లో చూస్తే అదిరిపోయింది. ప్రింట్ వేయించి ఫ్రేమ్ కట్టించి ఇస్తే, కళ్లజోడు సర్దుకుని ఒకటే మాట అంది: "ఇది నా చీర కాదురా."

నిజమే. చీర పాచి రంగులోకి వచ్చింది, ముఖం నీడలో ఉన్నట్టుంది. ల్యాబ్‌ని తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, సగం తప్పు నాదే అని. మీటర్ కొందామని వెతుకుతూ నేర్చుకున్నది ఇది.

అసలు సమస్య ఏంటి?

ఆర్‌జీబీలో 0, 200, 80 అనేది ఒక ఆర్డర్ మాత్రమే. దాన్ని ఒక్కో స్క్రీన్, ఒక్కో ప్రింటర్ ఒక్కోలా చూపిస్తుంది. ఏ నంబర్‌కి నిజంగా ఏ రంగు వస్తుందో రాసిపెట్టుకునే ఫైలే ఐసీసీ ప్రొఫైల్. అది తయారుకావాలంటే రంగుని కొలవాలి. మన కన్ను ఎంత వెలుతురుకైనా అలవాటు పడిపోతుంది కాబట్టి దాన్ని నమ్మలేం.

రెండు రకాలు

కలరిమీటర్‌ని స్క్రీన్‌కి ఆనించి పెడతాం. లోపలి ఫిల్టర్లు వచ్చే వెలుతురుని కన్ను చూసే పద్ధతిలో మూడు నంబర్లుగా మారుస్తాయి. డేటాకలర్ స్పైడర్, క్యాలిబ్రైట్ డిస్‌ప్లే ఈ రకమే. కానీ వీటికి సొంత లైట్ లేదు. కాగితం తనంతట తాను వెలగదు, అందుకే ప్రింట్ మీద ఇవి పనికిరావు.

స్పెక్ట్రోఫోటోమీటర్ తన లైట్‌ని కాగితం మీద వేసి, తిరిగొచ్చిన వెలుతురుని ఇంద్రధనుస్సులా విడగొట్టి ముక్క ముక్కా కొలుస్తుంది. క్యాలిబ్రైట్ కలర్‌చెకర్ స్టూడియో స్క్రీన్‌నీ, కాగితాన్నీ రెండిటినీ చదువుతుంది. ధర మాత్రం బాగా ఎక్కువ.

మూడు నంబర్లు చాలవా? మన సీఎస్ భాషలో ఇది హ్యాష్ కొలిజన్. రెండు వేరే వేరే స్పెక్ట్రమ్‌లు ఒక లైట్ కింద ఒకే రంగుగా కనబడొచ్చు. లైట్ మారితే బండారం బయటపడుతుంది. దీని పేరు మెటామెరిజం. మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు ముక్కని బయట ఎండలోకి తీసుకెళ్లి చూసే అమ్మలకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

మరి మనకేది?

ల్యాబ్‌లో ప్రింట్ వేయించేవాళ్లకి కలరిమీటర్ చాలు. స్క్రీన్ తెలుపుని డీ65కి, వెలుతురుని చదరపు మీటరుకి 80 నుంచి 120 క్యాండెలాలకి సెట్ చేయండి. ల్యాబ్‌ని వాళ్ల పేపర్ ప్రొఫైల్ అడిగి సాఫ్ట్ ప్రూఫ్ చూడండి. ప్రొఫైల్ లేదంటే ముందు చిన్న టెస్ట్ ప్రింట్ వేయించండి.

ఇంట్లో ప్రింటర్ పెట్టుకుని రకరకాల పేపర్లు వాడేవాళ్లకే స్పెక్ట్రో అవసరం. ప్రతి పేపర్-ఇంకు జోడీకీ వేరే ప్రొఫైల్ కావాలి. ఒకే పేపర్ వాడితే ముందు కంపెనీ ఉచితంగా ఇచ్చే ప్రొఫైల్ చూడండి.

సెకండ్ హ్యాండ్ కొంటే దాని సాఫ్ట్‌వేర్ మీ సిస్టమ్‌లో నడుస్తుందో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే ఉచితంగా దొరికే ఆర్గిల్ సీఎంఎస్ లిస్టులో ఆ మీటర్ ఉందేమో చూడండి.

చివరికి నేనేం కొనలేదు. సీనియర్ దగ్గర కలరిమీటర్ అడిగి తెచ్చుకున్నా. నా స్క్రీన్ 300 దాటి వెలుగుతోంది! 100కి తగ్గించగానే ఫోటో అచ్చం ప్రింట్‌లాగే చీకటిగా కనబడింది. సరిచేసి మళ్లీ వేయించాను. చిలకపచ్చ పూర్తిగా రాలేదు. ఆ ఇంకుల పరిధి అంతే, ఏ మీటరూ దాన్ని పెంచలేదు.

అమ్మమ్మ చూసి, "ఇప్పుడు నా చీరే. నాలుగు ఉతుకులు పడ్డట్టుంది, అంతే" అంది.